ఎడమకు ఒరిగిన గొంతు

పేరమ్మ ఆమె అసలు పేరు కాదు. సంబంధాలు కుదిర్చే మనిషిని పెళ్ళిళ్ళ పేరయ్య అంటాం కదా, దాన్నే ఆడమనిషికి సరిపోయేలా మార్చి ఫ్యాక్టరీ వినికిడి గదిలో తోటివాళ్ళు ఆమెకు తగిలించారు. ముందుగా తగిలించింది పక్క కుర్చీలో కూచునే వాగుడుకాయ. పనిచేసినంతసేపూ నోరు మూసుకుని ఉండాల్సిన గది అది. అందుకని విరామం గంట మోగిందంటే వాగుడుకాయ నోటికి కట్ట తెగేది. ఆమెకా పేరు ఎలా వచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ ఫ్యాక్టరీలో తయారయ్యేవి చెవి రంధ్రంలోకంటా దిగిపోయే చిన్న ఇయర్‌ఫోన్లు. స్టేజీ మీద పాడేవాళ్ళు తమ గొంతు తాము వినడానికి పెట్టుకునే రకం. పాడటం రాకపోయినా పాటంటే చెవి కోసుకునేవాళ్ళు ఇప్పుడు వాటినే కొంటున్నారు. కంపెనీ భాషలో అవి మానిటర్లు. పనిచేసేవాళ్ళ నోట్లో పీసులు.

ఎడమ చెవి పీసులు ఒక ట్రేలో, కుడి చెవి పీసులు మరో ట్రేలో గదిలోకి వస్తాయి. ఒకే అచ్చులో పుట్టినవే అయినా ఏ రెండూ అచ్చంగా ఒక్కలా పలకవు. ఒకటి వెంట్రుకవాసి గట్టిగా పలుకుతుంది, ఇంకొకటి వెంట్రుకవాసి మెత్తగా. ఒక ఎడమ పీసుకు సరిగ్గా తనంత పలికే కుడి పీసును వెతికి జత కట్టడం పేరమ్మ పని. జత కుదిరితే పాడే మనిషి గొంతు రెండు చెవులకూ నడుమ, నుదుటి వెనక, నిటారుగా నిలబడుతుంది. కుదరకపోతే ఏదో ఒక పక్కకు ఒరుగుతుంది.

ఎడమ పీసును చెవిలో పెట్టుకుని, దాన్ని తియ్యకుండా, కుడి చెవిలో మాత్రం ఒకదాని తర్వాత ఒకటి మార్చి చూసుకుంటూ పోవాలి.

"మా అక్క సంబంధాల్లో పిల్ల కుర్చీ దిగదు. పెళ్ళికొడుకులే వరసలో నిలబడి వస్తారు" అనేది వాగుడుకాయ.

"కుదిరేదాకా పిల్ల చెవి నాదేగా, నొప్పి నాకు తెలుసు" అనేది పేరమ్మ.

"అందుకేగా నువ్వు కుదిర్చినవి విడాకుల దాకా పోవు."

నిజంగానే పోలేదు, చాలా ఏళ్ళపాటు. ఆమె కట్టిన జతలు తిరిగి వచ్చిన సందర్భాలు గదిలో ఎవరికీ గుర్తులేవు. కొలిచే యంత్రం ఇంజినీరు దగ్గర ఉంది, కానీ ఆ కంపెనీ సరుకు అమ్ముకునేదే డబ్బా మీది ఒక్క మాటతో: మనిషి చెవి కలిపిన జత. ఏ మనిషి, ఏ చెవి అన్న వివరం డబ్బా మీద ఉండేది కాదు. కొనేవాడికి అది అక్కర్లేదు, అమ్మేవాడికి అసలే అక్కర్లేదు.

ఆమె మొదట్లో పనిచేసింది ఒక పాత ఆంప్లిఫయరు మీద. ఇనప్పెట్టె లాంటి బరువైన వస్తువు. దాని ముందు గుండ్రటి మీట. అప్పటి ఇంజినీరు, తర్వాత రిటైరైపోయిన పెద్దాయన, ఆ మీట పక్కన ఒక మర బిగించాడు. సౌండు ఒక హద్దు దాటి పెంచుదామంటే మీట మరకు తగిలి ఆగిపోయేది. పెట్టె నుంచి ఎప్పుడూ సన్నటి బుస వచ్చేది కాబట్టి, ఆ బుస కింద పీసులో లోపం దొరక్క ఆడవాళ్ళు విసుక్కునేవాళ్ళు. "ఈ మర తీసేస్తే మా పని తొందరగా తెముల్తుంది కదండీ" అని ఒకసారి వాగుడుకాయ అడిగితే, "మీ పని తెముల్తుందమ్మా, మీ చెవులూ తెముల్తాయి" అన్నాడట ఆయన. అందరూ నవ్వుకున్నారు. ఆయన వెళ్ళిపోయాక ఇనప్పెట్టెలు కూడా పోయాయి. వాటి స్థానంలో డాంగిళ్ళు వచ్చాయి.

డాంగిల్ అంటే బొటనవేలంత రేకు ముక్క. ఒక కొస కంప్యూటరు యూఎస్‌బీలో గుచ్చుతారు, రెండో కొసకు ఇయర్‌ఫోన్ తీగ. పక్కన పెంచడానికి ఒక నొక్కు, తగ్గించడానికి ఒక నొక్కు. మామూలుగా ఉంటే పచ్చ దీపం, జోరు పెంచితే ఎర్ర దీపం. ఇంత చిన్నదానిలోంచి ఏం వస్తుందిలే అనుకుంటూ పేరమ్మ పీసులు చెవుల్లో పెట్టుకుంది.

వాళ్ళు పరీక్షకు వాడే పాట ఎప్పుడూ ఒకటే. ఒకామె గొంతు, పక్కన ఒక తీగవాయిద్యం, అంతే. పేరమ్మ దాన్ని విన్నన్నిసార్లు పాడినామె కూడా పాడి ఉండదు. అయినా ఆ రోజు ఆమె ఆ పాటను మొదటిసారి విన్నట్టే విన్నది. బుస లేదు. పాటకు ముందు నల్లటి నిశ్శబ్దం, బావిలోకి తొంగిచూసినట్టు. ఆ నలుపులోంచి పాడేమనిషి పెదాలు విడివడిన తడి చప్పుడు, ఊపిరి పీల్చుకోవడం, తీగ మీద వేలు జారడం. రెండో చరణం దగ్గర ఆమె గొంతు రవ్వంత వణుకుతుందని, దాన్ని ఆమె దిగమింగుకుని పాడుతుందని ఇన్నేళ్ళూ పేరమ్మకు తెలియలేదు.

"ఎలా ఉంది?" అన్నాడు కొత్త ఇంజినీరు. కుర్రవాడు, చెడ్డవాడు కాదు. కొత్త సరుకు ఏది వచ్చినా మొదట ఆమెకు వినిపించి అడిగేవాడు.

"కిటికీ అద్దం తుడిచినట్టుంది సార్. ఇన్నాళ్ళూ మధ్యలో అద్దం ఉందనే తెలీలేదు."

కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. నవ్వేస్తారని ముక్కు ఎగబీల్చి తల దించుకుంది. ఆ గదిలో ఆమె ఉన్నది జీతం కోసమే, ఎవరు మాత్రం కాదు. కానీ ఆ పూట తన ఉద్యోగం మీద ఆమెకు కలిగిన ప్రేమ జీతానికి సంబంధించింది కాదు.

డాంగిల్‌కు మర లేదు. ఎంత నొక్కితే అంత.

అప్పటిదాకా పీసుల్లో గరగరమనే లోపం పట్టేవాళ్ళు వేరే, జతలు కట్టేవాళ్ళు వేరే. డాంగిళ్ళు వచ్చిన కొన్నాళ్ళకే సూపర్‌వైజరు రెండు పనులూ కలిపేశాడు. "గరగర దొరకాలంటే ఎర్ర దీపంలో వినండి, చటుక్కున దొరుకుతుంది. దాంతోపాటే జత కట్టెయ్యండి. చెవిలో ఎలాగూ ఉంది కదా" అన్నాడు. చెవిలో ఎలాగూ ఉంది కదా అన్న మాటతో సగం మంది పని పోయింది, మిగిలిన సగం మంది చెవుల్లోకి రెండింతల మోత చేరింది. ఎర్ర దీపంలో ఆ పాట పాటలా ఉండేది కాదు, కళ్ళలోకి టార్చి కొట్టినట్టుండేది. కుడి చెవికి పీసు మార్చినప్పుడల్లా కాస్త విరామం దొరికేది. ఎడమ చెవికి అదీ లేదు.

ఆ గదిలో పీసుకు పరీక్ష ఉంది, తీగకు పరీక్ష ఉంది, డాంగిల్‌కు పరీక్ష ఉంది, ఆఖరికి డబ్బా అట్టకు కూడా పరీక్ష ఉంది. పరీక్ష లేనిది చెవికే.

ఒకరోజు పేరమ్మ డాంగిల్ తీసుకెళ్ళి ఇంజినీరు బల్ల మీద పెట్టింది.

"దీన్లో సన్నటి కూత వస్తోంది సార్. పాట ఆపేసినా ఆగట్లేదు."

అతను విన్నాడు. "నాకేం వినబళ్ళేదే. పోనీ మార్చుకోండి" అని కొత్తది ఇచ్చాడు. కొత్తదానిలోనూ కూత ఉంది. ఈ సరుకే అంతేమో అనుకుంది. సాయంత్రం కంపెనీ బస్సెక్కి కిటికీకి తల ఆనించింది. చెవిలో పీసు లేదు, డాంగిల్ లేదు, పాట లేదు. కూత మాత్రం ఉంది, ఎడమ పక్కన, దోమ లోపలికి దూరి దారి తెలియక తిరుగుతున్నట్టు. బస్సు ఇంటి మలుపు తిరిగేసరికి ఆమెకు విషయం అర్థమైంది. అర్థమైన విషయాన్ని లోపలే మడిచి పెట్టుకుంది. చెవి పాడైందని తెలిస్తే వినికిడి గదిలో ఎవరు ఉంచుకుంటారు?

ఆమె దాచినా ఇంట్లో ఒక మనిషి దగ్గర అది దాగలేదు. ఆ మనిషి ఆమె అత్త.

అత్తకు నడివయసు నుంచీ చెవుడు. తనకు వినబడదు కాబట్టి ఎదుటివాళ్ళకూ వినబడదన్న లెక్కలో మాట్లాడుతుంది. ఆవిడ రహస్యం చెబితే మేడ మీదివాళ్ళు కూడా ఊ కొడతారు. కోడలు ఆవిడతో ఎన్నోసార్లు విసుక్కుంది, అరిచి చెప్పలేక సైగలతో సరిపెట్టింది, ఇరుగుపొరుగుల ముందు కాస్త నవ్వులాటకూ వాడుకుంది. ఆదివారం పొద్దున ఇద్దరూ కూరలు తరుగుతుంటే అత్త కత్తి పక్కన పెట్టింది.

"ఏమే, నేను పిలిస్తే భుజం తిప్పుతున్నావేం?"

"ఎక్కడ తిప్పాను అత్తయ్యా?"

"ఇదిగో, ఇప్పుడే. కుడి భుజం ముందుకు తెచ్చి మరీ అడిగావు. నేనూ మొదట్లో అలాగే తిప్పేదాన్ని. మీ మావయ్య, ఏమిటే వయ్యారం, అనేవాడు."

"మెడ పట్టేసింది, అంతే."

"నిన్న నీ మొగుడేదో అంటే నవ్వావు. ఏమన్నాడో చెప్పు."

పేరమ్మ చెప్పలేకపోయింది. అందరూ నవ్వారని తనూ నవ్వింది.

అత్త గొంతు మొదటిసారిగా తగ్గింది. "అలా నవ్వడం నేను నేర్చుకోవడానికి చాలా ఏళ్ళు పట్టిందే. నీకు అప్పుడే వచ్చేసిందా?"

మొగుడు లిఫ్టుల మెకానిక్కు. మాటలు తక్కువ. తల్లి ఏం చెప్పిందో ఏమో, ఆ వారం నుంచి మంచం మీద పడుకునే పక్క మార్చుకుని ఆమెకు కుడివైపుకు వచ్చాడు.

ఈలోగా గదిలో ఒక వింత జరుగుతోంది. పేరమ్మ బల్ల మీద గట్టిగా పలికే కుడి పీసులు కుప్ప పడుతున్నాయి. ఏ ఎడమదానికీ అతకడం లేదు. "పెళ్ళికొడుకులకు నోరెక్కువైందే ఈ మధ్య" అని వాగుడుకాయ నవ్వింది. సూపర్‌వైజరు పీసులు పంపే విభాగంవాళ్ళను తిట్టాడు. వాళ్ళు యంత్రాన్ని తిట్టారు. కారణం ఎవరికీ తట్టలేదు, పేరమ్మకు కూడా. ఆమెకు తెలిసిందల్లా ఒక్కటే: తను కట్టి పంపిన ప్రతి జతలోనూ గొంతు సరిగ్గా మధ్యలో నిలబడుతోంది. తన చెవికి ఏమైనా తన పని మాత్రం చెడలేదు. ఆ ఒక్క నమ్మకం మీదే ఆమె రోజూ ఆ కుర్చీలోకి వెళ్ళి కూచుంటోంది.

కొత్త మోడల్ వచ్చింది. కొత్త డాంగిల్‌తో కలిపి అమ్మే సరుకు. బజారులోకి పంపకముందే, పాటల గురించి రాసేవాళ్ళకు కొన్ని డబ్బాలు పంపారు. మొదటి వినికిడిలో ఎలా అనిపించిందో రాయడమే వాళ్ళ పని. ఆ జతలన్నీ పేరమ్మే కట్టాలని ఇంజినీరు పట్టుబట్టాడు. అంతకంటే నమ్మకమైన చెవి కంపెనీలో లేదు కదా.

రాతలు రావడం మొదలయ్యాక అతనే గదిలోకి వచ్చి ఫోన్ చూసి చదివి వినిపించాడు. కింది స్వరాలు నిండుగా ఉన్నాయట. తీగల చప్పుడు వేళ్ళతో తాకేలా ఉందట. డాంగిల్ వేడెక్కుతోంది గాని వెనక నిశ్శబ్దం బాగుందట. ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని మురిసిపోయారు. తర్వాత ఒక వాక్యం దగ్గర అతను ఆగాడు. పాడే గొంతు మధ్యలో లేదు, కాస్త ఎడమకు ఒరిగి ఉంది, నా చెవే తప్పేమో అనుకుని ఇంట్లో అందరికీ పెట్టి చూశాను, అని ఒకరు రాశారు. దాన్ని నవ్వుతూ దాటేశాడు. మర్నాడు ఇంకొకరు అదే రాశారు. ఆ తర్వాత మరొకరు.

తిరిగి వచ్చిన డబ్బాలు విప్పి యంత్రం మీద కొలిచారు. అన్నిటిలోనూ ఎడమ గట్టి, కుడి మెత్తన. ఒక్కటి కూడా కుడిపక్కకు ఒరగలేదు. తప్పు కూడా ఒక వరస ప్రకారం జరిగింది.

ఇంజినీరు ఒక జతను అరచేతిలో పెట్టుకుని పేరమ్మ బల్ల దగ్గరకు వచ్చాడు. పచ్చ దీపం పెట్టి, పాట పెట్టి, "ఒకసారి వినండి" అన్నాడు.

ఆమె కళ్ళు మూసుకుని విన్నది. తొందరపడలేదు. "బాగుంది సార్. మధ్యలోనే ఉంది" అంది.

అతను ఆ పీసులనే వాగుడుకాయకు ఇచ్చాడు. వాగుడుకాయ విన్నది. పీసులు తీసి బల్ల మీద పెట్టి, వాటి తీగలను చాలాసేపు చుట్టచుట్టింది.

"చెప్పవే" అంది పేరమ్మ.

"ఎడమకి ఉందక్కా."

"ఇంకోసారి విను."

"వినక్కర్లేదక్కా. బాగా తెలుస్తోంది. ఎడమకే ఉంది."

అప్పుడు పేరమ్మకు కుడి పీసుల కుప్ప కనబడింది. తన ఎడమ చెవిలో తగ్గినంత మేరకు, కుడి పక్కన మెత్తటి పీసు వెతికి పెట్టుకుంటూ వచ్చింది తను. గొంతు తనకు మధ్యలో నిలబడాలంటే లోకానికి ఎడమకు ఒరగాలి. ఆ జతలు ఈ భూమ్మీద ఒక్క మనిషికి మాత్రమే సరిగ్గా సరిపోతాయి. తనకు. తన చెవుడు డబ్బాల్లో సర్దుకుని, మనిషి చెవి కలిపిన జత అన్న ముద్రతో, ముక్కూ మొహం తెలియని ఇళ్ళకు వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నమే ఆమె కుర్చీ మారిపోయింది. ప్యాకింగ్ హాల్లో నిలబడి డబ్బాలు మడిచే పని ఇచ్చారు. చెవుల డాక్టరు చెప్పింది సూటిగానే చెప్పింది: ఎడాపెడా మోత విన్న చెవి ఇలాగే అవుతుంది, లోపల పోయిన నరాలు మళ్ళీ మొలవవు, కూత కూడా ఉండిపోవచ్చు. ఆ మాట పట్టుకుని పేరమ్మ సిబ్బంది వ్యవహారాలు చూసే ఆఫీసరు దగ్గరకు వెళ్ళింది. ఆమె అడగదలుచుకున్నది పెద్దదేమీ కాదు. నా చెవి మీ పనిలో పోయింది అని ఒప్పుకోండి. వైద్యం సంగతి, నష్టం సంగతి తర్వాత. ముందు ఆ ముక్క అనండి.

ఆఫీసరు మర్యాదస్తుడు. కూచోమన్నాడు, మంచినీళ్ళు తెప్పించాడు. "మీ ఇంట్లో ఎవరికైనా వినికిడి సమస్య ఉందామ్మా?" అని చాలా ఆదరంగా అడిగాడు.

"ఉంది సార్. మా అత్తయ్యకి."

అతను రాసుకున్నాడు. కొన్నాళ్ళకు కంపెనీ జవాబు చెప్పింది: ఆమె చెవుడు కుటుంబంలో ఉన్నదే, పనికి సంబంధం లేదు.

ఈ సంగతి అత్తకు అరిచి చెప్పడానికి పేరమ్మకు చాలాసేపు పట్టింది. అర్థమయ్యాక అత్త పొట్ట పట్టుకుని నవ్వింది. "నా చెవుడు నీకెలా వచ్చిందే? నిన్నేమన్నా నేను కన్నానా? వాడికి పెళ్ళి కాలేదా ఏమిటి, అత్తంటే ఎవరో తెలీకపోవడానికి?" నవ్వి నవ్వి, చివర్లో ఆ నవ్వు ఎక్కడో తప్పి ఏడుపులోకి దిగింది. చెంగుతో కళ్ళు తుడుచుకుని చెప్పులు వేసుకుంది. "పద. నేనొస్తా."

ఆఫీసరు గదిలో ఆవిడ గొంతు వరండా చివరిదాకా వినబడింది.

"బాబూ, దీన్ని నేను కనలేదు. కన్నావిడకి ఈ వయసులో కూడా పిల్లి నడిస్తే వినబడుతుంది. కావాలంటే పిలిపిస్తా."

"అమ్మా, కొంచెం మెల్లగా."

"ఏమిటీ?"

"మెల్లగా మాట్లాడండి."

"ఏమంటాడే?"

"నెమ్మదిగా అంటున్నారు అత్తయ్యా."

"నెమ్మదిగా అంటే ఇన్నాళ్ళూ నెమ్మదిగానే ఉంది కదా ఇది. అందుకేగా చెవి పోయింది."

ఆఫీసరు నుదురు రుద్దుకున్నాడు. జవాబులోంచి అత్త సంగతి తీసేస్తానన్నాడు. ఆ తర్వాత గొంతులోని ఆదరం తగ్గకుండానే అన్నాడు: "అయినా ఒక్కటి ఆలోచించండి. ఆ గదిలో అంతమంది ఉన్నారు. అదే పాట, అదే డాంగిల్. పని వల్లనే అయితే మీ ఒక్కరికే ఎందుకొచ్చింది?"

ప్రశ్న మంచిదే. అంత మంచి ప్రశ్న అడిగినవాడు దాని జవాబు వెతకడానికి కుర్చీలోంచి లేవలేదు, అంతే తేడా. వెతికే పని పేరమ్మే పెట్టుకుంది.

భోజనాల విరామంలో వినికిడి గది ఆడవాళ్ళ దగ్గరకు వెళ్ళి కూచుంది. ఒక్కటే పీసు, పచ్చ దీపం, వినీ వినబడనంత సౌండు. "ముందు కుడి చెవిలో పెట్టుకోండి. తర్వాత అదే ఎడమలో. నాకేం చెప్పొద్దు, మీకు మీరే చూసుకోండి." మొదట నవ్వులాటగా మొదలైంది. ఒకామె పెట్టుకుని, తీసి, "ఒకేలా ఉందిలే" అని పక్కామెకు ఇచ్చింది. ఆ పక్కామె ఎడమలో పెట్టుకుని, పీసు మీద ఊది, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. మళ్ళీ కుడికి మార్చింది. అన్నం డబ్బా మూత పెట్టేసి సగంలో లేచిపోయింది. అందరికన్నా చిన్నది, కొత్తగా చేరిన పిల్ల, "నాకు కూత కూడా వస్తుందక్కా, డాంగిల్‌దేమో అనుకున్నా" అంది. ఆ బల్ల దగ్గర ఇక ఎవరూ నవ్వలేదు.

వాగుడుకాయ మాత్రం పీసు ముట్టుకోలేదు. "నీది ఎడమకి ఉందని కనిపెట్టిందే నేను. నాకెందుకు?"

"ఊరికే చూడవే."

"చూసి ఏం చెయ్యమంటావు? ఆ ప్యాకింగ్ హాల్లో రోజంతా నిలబడితే నా కాళ్ళు ఆగుతాయా? నరాలు ఎలా ఉబ్బి ఉన్నాయో నువ్వు చూశావు కదా. నాకు కూచునే పని కావాలక్కా. నాకు తెలీకపోతేనే మంచిది."

పేరమ్మ బలవంతపెట్టలేదు. బలవంతపెట్టే హక్కు తనకు లేదనుకుంది. తోడు వచ్చినవాళ్ళను వెంటబెట్టుకుని మళ్ళీ ఆఫీసరు మెట్లెక్కింది. ఎర్ర దీపంలో వినమన్నది ఎవరో, రెండు పనులు ఎప్పుడు కలిపారో, ఒక్కొక్కరే చెప్పారు. కొత్తపిల్ల చెబుతూ చెబుతూ ఏడ్చింది. ఈసారి ఆఫీసరు మంచినీళ్ళు తెప్పించలేదు.

కంపెనీ కదిలింది. తనకు వీలైన దిక్కుకే కదిలింది. చెవులకు ఇంత ముప్పు ఉందని తేలింది కాబట్టి వినికిడి గదినే మూసేస్తున్నామని, జతలు ఇకనుంచి యంత్రమే కడుతుందని, ఇదంతా ఉద్యోగుల ఆరోగ్యం దృష్టిలో పెట్టుకుని చేసిందేనని చెప్పింది. ఆ ఒక్క ముక్క, మీ చెవులు మా పనిలో పోయాయి అన్న ముక్క, ఎక్కడా అనలేదు. గది లేకపోతే గదిలో ఏం జరిగిందన్న ప్రశ్న కూడా ఉండదు కదా. డబ్బా మీది ముద్ర మాత్రం కొన్నాళ్ళు అలాగే ఉంది, పాత అట్టలు అయిపోయేదాకా. ఆ అట్టలు మడిచింది ఆ ఆడవాళ్ళే.

కుర్చీలు పోయాయి. అందరూ హాల్లోకి వచ్చి నిలబడ్డారు. వెంట మెట్లెక్కినవాళ్ళలో ఇద్దరు పేరమ్మతో మాట మానేశారు. ఎవరికైనా సరే, పోయిన చెవి కనబడదు, పోయిన కుర్చీ కనబడుతుంది. తప్పు వాళ్ళది కాదు, ఆ రెండింటిలో ఏదో ఒకటే ఎంచుకోమన్నవాళ్ళది. కానీ ఆ మాట వాళ్ళతో అనడానికి ఆమెకు నోరు రాలేదు. వాగుడుకాయ ఒక్కసారి మాత్రం, డబ్బాల దొంతర అవతల నుంచి, "నువ్వు నోరు మూసుకుని ఉంటే ఇంకా ఆ గదిలో ఉండేవాళ్ళం" అంది. అది పేరమ్మకు బాగానే వినబడింది. ఆ తర్వాత వాగుడుకాయ తన పేరుకు తగ్గట్టు లేకుండా పోయింది.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం పేరమ్మ బస్సు ఎక్కేసరికి ఎడమ కిటికీల సీట్లన్నీ నిండిపోయాయి. రోజూ ఎడమ పక్కన కిటికీ ఉండేలా చూసుకుని కూచునేది, పక్కవాళ్ళు కుడివైపుకు వచ్చేలా. ఆ రోజు దొరికింది అవతలి వరసలో, కిటికీ కుడిపక్కన ఉండే సీటు. ఇద్దరు పట్టే ఆ సీటులో ఎడమ భాగం ఖాళీగా ఉండిపోయింది. బస్సు కదిలే ముందు వాగుడుకాయ పరుగున వచ్చి ఎక్కింది. అటూ ఇటూ చూసింది. ఇంకెక్కడా చోటు లేదు. వచ్చి ఆ ఎడమ పక్కనే కూచుంది, ఉబ్బిన కాళ్ళు ముందుకు చాపుకుని.

చాలాదూరం ఇంజను మోత, చెవిలో కూత. ఒక సిగ్నలు దగ్గర బస్సు ఆగింది. పేరమ్మ యథాలాపంగా తల తిప్పేసరికి వాగుడుకాయ పెదాలు కదులుతున్నాయి. ముందు సీటు వెనకనున్న రేకు వైపే చూస్తూ మాట్లాడుతోంది. ఎప్పటి నుంచి మాట్లాడుతోందో తెలియదు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. మాట మధ్యలో ఒక చెయ్యి పైకి లేచి ఎడమ చెవి తమ్మెను పట్టుకుని, మళ్ళీ ఒళ్ళోకి దిగింది.

పేరమ్మ గబుక్కున ఒళ్ళంతా తిప్పి కుడి చెవిని ముందుకు తెచ్చింది. అప్పటికి పెదాలు ఆగిపోయాయి.

"ఏమన్నావే? ఇటు వినబడలేదు. మళ్ళీ చెప్పు."

వాగుడుకాయ ఆమె మొహంలోకి చూసింది. చెప్పబోయినట్టే అయింది. సిగ్నలు పడి బస్సు కుదుపుతో కదిలింది.

"ఏం లేదులే అక్కా" అంది, గట్టిగా, కుడి చెవికి తగిలేలా.